ఉప్పుగాలిలో హామ్ టవర్: తుప్పు, రంగుల గురించి పాఠకుల ప్రశ్నలు

హామ్ రేడియో (లైసెన్సు తీసుకొని అభిరుచిగా నడిపే రేడియో, ఫోన్లు పనిచేయనప్పుడూ సందేశాలు పంపగలదు) టవర్ల నిర్వహణ గురించి ఈమధ్య వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం కోస్తా జిల్లాల నుంచి వచ్చినవే. వాటిలో ముఖ్యమైన వాటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము. విశాఖపట్నం పాఠకుడు రాసిన ఇబ్బంది చాలామందికి ఉన్నదే కాబట్టి దానికి ఎక్కువ చోటు కేటాయించాము.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి అర కిలోమీటరు దూరంలో ఉంది. మేడమీద 12 మీటర్ల జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పైపు టవర్ ఉంది. దానిని ఇక్కడి వెల్డింగ్ షాపులోనే చేయించాము. రెండేళ్ల క్రితం రెడాక్సైడ్ ఒక పూత, దానిమీద సిల్వర్ ఎనామెల్ రెండు పూతలు వేయించాము. ఇప్పుడు ఆ రంగు పెచ్చులుగా ఊడిపోతోంది. కొన్నిచోట్ల పెచ్చు కింద జింకు శుభ్రంగానే ఉంది కానీ, అతుకుల దగ్గర ఎర్రటి తుప్పు కనిపిస్తోంది. మళ్లీ రంగు వేయించాలంటే ఏ రంగు వాడాలి? — ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ టవర్‌కు వచ్చినవి రెండు వేర్వేరు జబ్బులు. రంగు ఊడటానికి కారణం ఒకటి, అతుకుల దగ్గర తుప్పు పట్టడానికి కారణం మరొకటి. రెండింటికీ కలిపి ఒకే మందు వేస్తే రెండేళ్ల తరువాత మీరు మళ్లీ ఇదే ఉత్తరం రాయవలసి వస్తుంది.

ముందుగా రంగు సంగతి. ఇనుప గేటుకైనా, కిటికీ ఊచలకైనా, టవర్‌కైనా రెడాక్సైడ్ కొట్టి పైన సిల్వర్ వేయడం మన పెయింటర్లకు అలవాటు. మామూలు ఇనుము మీద అది కొంతకాలం బాగానే పనిచేస్తుంది. కానీ ఆ రెండూ ఆల్కిడ్ రంగులు, అంటే నూనె ఆధారంగా తయారైనవి. జింకు ఉపరితలం మీద తేమ చేరినప్పుడు ఏర్పడే క్షార పదార్థాలు ఆ నూనెతో కలిసి ఒక రకమైన సబ్బును తయారుచేస్తాయి. ఆ సబ్బు పొర రంగుకూ జింకుకూ మధ్య చేరి పట్టును పూర్తిగా తెంపేస్తుంది. అందుకే మీకు ఊడిన పెచ్చు కింద జింకు శుభ్రంగా కనిపిస్తోంది. ఇందులో పెయింటరు పనితనం లోపం ఏమీ లేదు. ఎంత ఖరీదైన ఎనామెల్ వేసినా గాల్వనైజ్ చేసిన, అంటే జింకు పూత ఉన్న, పైపు మీద జరిగేది ఇదే.

అతుకుల దగ్గర జరిగింది వేరు. జింకు దాదాపు 420 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, 907 డిగ్రీల దగ్గర ఆవిరైపోతుంది. వెల్డింగ్ మంట దానికంటే ఎన్నో రెట్లు వేడిగా ఉంటుంది కాబట్టి, అతికించిన చోటా దాని చుట్టుపక్కలా జింకు మిగలదు. అంటే మీ టవర్‌లో అన్నిటికంటే బలంగా ఉండవలసిన కీళ్ల దగ్గరే రక్షణ లేదు. టవర్‌ను వెల్డింగ్ చేసిన తరువాత మొత్తంగా కరిగిన జింకు ఉండే గాల్వనైజింగ్ తొట్టెలో ముంచి తీయించడమే సరైన పద్ధతి. కొత్తగా టవర్ చేయించుకోబోయేవారు దీనిని గుర్తుంచుకోవాలి: మామూలు ఇనుప యాంగిల్‌తో గానీ పైపుతో గానీ వెల్డింగ్, రంధ్రాలు అన్నీ పూర్తిచేసి, ఆ తరువాతే ముంచడానికి పంపాలి. 5 మిల్లీమీటర్లు, అంతకంటే మందమైన ఉక్కు మీద చదరపు మీటరుకు 610 గ్రాముల జింకు ఉండాలని భారతీయ ప్రమాణం చెబుతోంది. మందంలో చెప్పాలంటే అది దాదాపు 85 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నీటి గొట్టాలుగా అమ్మే జీఐ పైపుల మీద పూత ఇంతకంటే పలుచగా ఉంటుంది.

ఇక చేయవలసిన పని. ఊడుతున్న రంగును పూర్తిగా తీయించండి. గట్టిగా అంటుకొని ఉన్నట్టు కనిపించే చోట కూడా ఒక పరీక్ష చేయాలి. బ్లేడుతో లోహం తగిలేదాకా ఇంటూ గుర్తు ఆకారంలో గీసి, దానిమీద మంచి టేపు అదిమి అంటించి, ఒక్కసారిగా లాగండి. గీతల అంచుల వెంట రంగు టేపుతోపాటు లేచి వస్తే ఆ భాగాన్నీ గోకవలసిందే. గోకడానికి రేకు గరిటె, గట్టి నైలాన్ బ్రష్ చాలు. మంచి జింకు మీద గ్రైండర్ పెట్టనివ్వకండి, ఎందుకంటే రంగుతోపాటు మీరు కాపాడుకోవలసిన జింకు కూడా పోతుంది. పాత టవర్ల మీది రంగులలో సీసం ఉండే అవకాశం ఉంది. ఇళ్లకు వాడే రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు దాటరాదన్న నియమం 2017 నవంబరు నుంచి మాత్రమే అమలులోకి వచ్చింది. కాబట్టి పాత రంగును పొడిగా రుద్దనివ్వకండి. తడిపి గోకించండి, కింద పట్టా పరచి పెచ్చులను ఏరించండి.

అతుకుల దగ్గర మాత్రం దయతలచకూడదు. అక్కడ తీగ బ్రష్‌తో వదులు తుప్పును రాల్చి, ఎమెరీ గుడ్డతో ఉక్కు తళతళలాడేదాకా రుద్దాలి. ఎందుకంటే అక్కడ వేయబోయే జింక్ రిచ్ ప్రైమర్‌లోని జింకు పొడి నేరుగా ఉక్కుకు తగిలితేనే దానిని కాపాడుతుంది. జింకు ఉక్కుకంటే త్వరగా తుప్పుకు లొంగే లోహం కాబట్టి, రెండూ తాకుతూ ఉన్నంతకాలం తాను తరిగిపోతూ ఉక్కును నిలబెడుతుంది. మధ్యలో తుప్పు పొర ఉంటే ఆ సంబంధం తెగిపోయి, ఖరీదైన ప్రైమర్ ఉత్త బూడిద రంగుగా మిగులుతుంది.

తరువాతి మెట్టు చాలామంది వదిలేసేది, కోస్తాలో అన్నిటికంటే ముఖ్యమైనది: కడగడం. సముద్రపు గాలి మోసుకొచ్చిన ఉప్పు కంటికి కనిపించకుండా పైపుల మీద పేరుకొని ఉంటుంది. దానిని అలాగే ఉంచి రంగు వేస్తే, ఆ ఉప్పు రంగు పొర గుండా తేమను లోపలికి లాగుతుంది. కొద్ది నెలలకే చిన్న చిన్న బొబ్బలు లేస్తాయి. మంచినీటితో, కొంచెం డిటర్జెంటు కలిపి, పైనుంచి కిందికి బ్రష్‌తో రుద్ది కడిగి, మళ్లీ మంచినీళ్లు పోయించండి. విశాఖలో చాలా ఇళ్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కాబట్టి ఈ పనికి బోరు నీళ్లు వాడకండి.

ఎండిన తరువాత అతుకుల మీద జింక్ రిచ్ ప్రైమర్ రెండు పూతలు, ఆపైన టవర్ మొత్తానికీ గాల్వనైజ్ చేసిన ఉక్కుకు పనికివస్తుందని డబ్బా మీద రాసి ఉన్న ఎపాక్సీ ప్రైమర్ ఒక పూత వేయించండి. ఎపాక్సీలో నూనె లేదు కాబట్టి సబ్బు కట్టే బెడద ఉండదు. కానీ ఎండ తగిలితే ఎపాక్సీ సున్నం రాసినట్టు తెల్లగా పొడి రాలుతుంది. అందువల్ల దానిమీద పాలియురేథేన్ పూత తప్పనిసరి. ఇవన్నీ రెండు డబ్బాల రంగులు. గట్టిపరిచే ద్రవాన్ని కలిపిన తరువాత కొద్ది గంటలే పనికివస్తాయి, ఎండాకాలంలో ఆ గడువు మరీ తక్కువ. కాబట్టి ఆ పూట వాడే మేరకే కలపమనండి. స్ప్రే వద్దు. సన్నని పైపుల అల్లిక మీద స్ప్రే చేస్తే రంగులో అధిక భాగం గాలిలో కొట్టుకుపోయి పొరుగువారి కార్ల మీద పడుతుంది. బ్రష్‌తోనే వేయించండి. అంచులు, బోల్టు తలలు, వెల్డింగ్ గీతల దగ్గర రంగు తనంతట తానే పలచబడుతుంది కాబట్టి, అసలు పూతకు ముందు వాటికి మాత్రం చిన్న బ్రష్‌తో ఒక అదనపు పూత వేయించండి.

సమయం విషయానికి వస్తే, విశాఖలో ఈ పనికి జనవరి చివరి నుంచి మార్చి మధ్య దాకా అనుకూలం. అయితే ఆ రోజులలో తెల్లవారుజామున మంచు పడుతుంది. రాత్రంతా ఆకాశానికి ఎదురుగా ఉన్న ఉక్కు గాలికంటే చల్లబడుతుంది, చేత్తో తాకితే తెలియనంత పలుచని తేమ దానిమీద కడుతుంది. లోహపు ఉష్ణోగ్రత తుషార బిందువు (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ ఉన్నప్పుడే రంగు వేయాలన్నది ఈ వృత్తిలో అందరూ పాటించే నియమం. గాలి 28 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్నప్పుడు తుషార బిందువు 24 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే లోహం 27 డిగ్రీలకు చేరేదాకా ఆగాలి. మామూలు మాటలలో చెప్పాలంటే ఉదయం తొమ్మిదిన్నర, పది దాకా పని మొదలుపెట్టకుండా, సాయంత్రం నాలుగున్నరకు ముగిస్తే సరిపోతుంది.

ప్రశ్న: నా టవర్‌కు గై వైర్లు (టవర్ పడకుండా పక్కల నుంచి లాగి కట్టే తీగలు) ఉన్నాయి. నేల మీద కనిపించే లంగరు కడ్డీలు, టర్న్‌బకుల్స్ (తీగల బిగువు సరిచేసే మరలు) బాగానే ఉన్నాయి. నేలలోపల ఎలా ఉన్నాయో తవ్వి చూడటం అవసరమా? మాది నల్లరేగడి, వానాకాలంలో నీళ్లు నిలుస్తాయి. — ఒక పాఠకుడు, బాపట్ల

జవాబు: తప్పకుండా అవసరం. గై వైర్లతో నిలిచే టవర్లలో అన్నిటికంటే భయపడవలసిన తుప్పు ఇదే. పైన రంగు ఎంత అందంగా ఉన్నా, ఒక్క లంగరు కడ్డీ తెగితే టవర్ మొత్తం పడిపోతుంది.

మీ కడ్డీ కింద కాంక్రీటు దిమ్మెలో పాతి ఉంటుంది, మధ్యలో మట్టిలో, పైన గాలిలో ఉంటుంది. కాంక్రీటులోని క్షారగుణం ఉక్కును నిద్రపుచ్చినట్టు ఉంచుతుంది, అక్కడ తుప్పు దాదాపు ఉండదు. మట్టిలో ఉన్న భాగానికి ఆ రక్షణ లేదు. ఒకే కడ్డీలోని ఈ రెండు భాగాల మధ్య చిన్న బ్యాటరీ ఏర్పడి, మట్టిలోని భాగం కరుగుతుంది. దానికి తోడు మనం పిడుగు నుంచి రక్షణ కోసం టవర్‌కు రాగి ఎర్త్ కడ్డీలు కలుపుతాము. రాగి పక్కన జింకూ ఉక్కూ రెండూ కరిగే పక్షానే ఉంటాయి. తీరప్రాంతపు తడి నేల ఉప్పు వల్ల విద్యుత్తును సులభంగా పారనిస్తుంది కాబట్టి, ఆ కరుగుడు ఇంకా వేగంగా సాగుతుంది. కడ్డీ ఒకేలా అరగదు. కాంక్రీటు నుంచి బయటికి వచ్చిన చోటుకు కాస్త పైన నడుములా సన్నబడుతుంది.

ఆ సన్నబడటం ఎంత ప్రమాదమో ఒక లెక్క చూడండి. 16 మిల్లీమీటర్ల కడ్డీ అడ్డుకోత వైశాల్యం 201 చదరపు మిల్లీమీటర్లు. అది 12 మిల్లీమీటర్లకు అరిగితే 113 మాత్రమే మిగులుతుంది. వ్యాసంలో నాలుగో వంతే పోయినట్టు కనిపించినా, బలంలో 44 శాతం పోయిందన్నమాట. 14 మిల్లీమీటర్లకు అరిగినా దాదాపు నాలుగో వంతు బలం పోయినట్టే. అందుకే కంటితో చూసి వదిలేయకుండా, తుప్పు రాల్చి వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి.

తవ్వేటప్పుడు జాగ్రత్తలు ఉన్నాయి. గాలి లేని, నేల ఎండిన రోజున, ఒకసారికి ఒక్క లంగరే తవ్వాలి. తవ్వేముందు ఆ గై వైరుకు వేరొక దృఢమైన ఆధారం నుంచి తాత్కాలికంగా మరో తీగ లాగి కట్టాలి. దిమ్మె మీది మట్టి బరువే దానిని పట్టి ఉంచుతుంది కాబట్టి, కడ్డీ చుట్టూ చేయి పట్టేంత గొయ్యి మాత్రమే, గడ్డపారతో కాకుండా చిన్న పారతో, కొద్దికొద్దిగా తీయాలి. చూసిన తరువాత మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి పూడ్చాలి.

కడ్డీ బాగుంటే, ఇకముందు అలాగే ఉండటానికి కాంక్రీటును నేలమట్టం పైదాకా పెంచి, నీరు నిలవకుండా పైభాగాన్ని వాలుగా తీర్చండి. లంగరుల దగ్గర ఎర్త్‌కు రాగికి బదులు గాల్వనైజ్ చేసిన కడ్డీలు వాడండి. గై వైరులో పింగాణీ ఇన్సులేటర్లు ఉంటే టవర్ వైపు రాగి ఎర్త్‌కూ లంగరుకూ మధ్య విద్యుత్ సంబంధం తెగుతుంది, అదీ మేలే. కడ్డీకి తారు పూస్తే చాలని కొందరు సలహా ఇస్తారు. రాగి ఎర్త్‌తో కలిసి ఉన్న కడ్డీకి తారు పూస్తే, పూతలో సూదిమొనంత లోపం ఉన్న చోటే తుప్పంతా కేంద్రీకృతమై లోతుగా తొలుస్తుంది. కాబట్టి దానికి తోడుగా బలి లోహంగా (కడ్డీకి బదులు తాను తుప్పు పట్టేది) మెగ్నీషియం ముక్కను కలిపి పాతనిదే తారు మీద ఆధారపడకండి.

గై వైర్లున్న టవర్లను మూడేళ్లకొకసారి, సొంతంగా నిలిచే టవర్లను ఐదేళ్లకొకసారి పూర్తిగా పరీక్షించాలని అమెరికాలోని టవర్ల ప్రమాణం చెబుతోంది. బాపట్ల వంటి చోట ఆ గడువులు చాలా ఎక్కువ. మీరు ఏటా సెప్టెంబరులో పైభాగాలను చూసుకోండి. తుపాను వచ్చి వెళ్లిన ప్రతిసారీ మళ్లీ చూడండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేకుండా పోయాయి. హామ్ టవర్ నిలబడి ఉండవలసింది సరిగ్గా అటువంటి మర్నాడే.

ప్రశ్న: మాకు కొత్తగా గాల్వనైజ్ చేసిన టవర్ వస్తోంది. మాది హైదరాబాదు. రంగు వేయించాలా? — ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: అవసరం లేదు. సముద్ర ప్రభావం, రసాయన పరిశ్రమల పొగ లేని చోట జింకు ఏడాదికి సాధారణంగా ఒకటి రెండు మైక్రాన్లకు మించి అరగదు. 85 మైక్రాన్ల పూత మీ జీవితకాలానికి సరిపోవచ్చు. అదే జింకు సముద్రపు ఒడ్డున ఏడాదికి నాలుగు నుంచి ఎనిమిది మైక్రాన్ల దాకా పోగలదు కాబట్టి, పై పాఠకులకు రంగు గురించి అంత వివరంగా చెప్పవలసి వచ్చింది. మీరు మాత్రం టవర్ ముక్కలను బిగించేలోగా ఒకదానిమీద ఒకటి పేర్చి, టార్పాలిన్ కప్పి, వానలో వదిలేయకండి. గాలి ఆడక నీరు నిలిస్తే కొత్త జింకు మీద తెల్లటి పొడి తుప్పు లేస్తుంది. మధ్యలో చెక్క ముక్కలు పెట్టి, ఒక వైపు ఎత్తుగా ఉంచండి.

బోల్టుల విషయంలో మాత్రం జాగ్రత్తపడండి. హార్డ్‌వేర్ దుకాణంలో తళతళలాడుతూ కనిపించే బోల్టులకు ఉన్నది విద్యుత్తుతో పూసిన పలుచని జింకు, ఐదు నుంచి పది మైక్రాన్లు మాత్రమే. టవర్‌కు కావలసినవి మసక బూడిద రంగులో, కాస్త గరుకుగా ఉండే హాట్ డిప్ (కరిగిన జింకులో ముంచి తీసిన) బోల్టులు. వాటికి వాటి నట్టులే వాడాలి, మామూలు నట్టులు మందమైన పూత వల్ల ఎక్కవు.

ప్రశ్న: టవర్ కాళ్ల అడుగున పైపులకు చిన్న రంధ్రాలు ఉన్నాయి. వాటి నుంచి వానాకాలంలో తుప్పునీళ్లు కారి కాంక్రీటు ఎర్రబడుతోంది. ఎం-సీల్ పెట్టి మూసేద్దామని పెయింటరు అంటున్నాడు. — ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: దయచేసి మూయనివ్వకండి. బోలు పైపులలోకి నీరు ఎంత ఆపినా చేరుతుంది. రాత్రి పైపు చల్లబడినప్పుడు లోపలి గాలిలోని తేమే నీరై గోడల వెంట జారుతుంది. ఆ నీరు పోవడానికే అడుగున రంధ్రాలు పెడతారు. వాటిని మూస్తే నీరు కాలిలో నిలిచి లోపలి నుంచి తినేస్తుంది, బయట రంగు చెక్కుచెదరకుండానే ఉంటుంది. రంగు వేసేటప్పుడు కూడా ప్రతి రంధ్రంలో అగ్గిపుల్లో తీగో గుచ్చి, అది తెరచి ఉందని చూసుకోండి. పైపుల పైకొనలకు మాత్రం మూతలు ఉండాలి.

అయితే మీరు చెప్పిన ఎర్రనీళ్లు లోపల తుప్పు మొదలైందని చెబుతున్నాయి. కాంక్రీటు నుంచి మోకాలి ఎత్తు దాకా చిన్న సుత్తితో మెల్లగా కొడుతూ రండి. మంచి పైపు కంచులా మోగుతుంది, పలుచబడిన చోట చప్పుడు మొద్దుబారుతుంది. అనుమానం వచ్చిన చోట అల్ట్రాసోనిక్ మందమాపకంతో గోడ మందం కొలిపించండి. పైపు లైన్లు, ట్యాంకులు పరీక్షించేవారి దగ్గర ఆ పరికరం ఉంటుంది. అది తేలేదాకా ఎవరినీ టవర్ ఎక్కనివ్వవద్దు.

ప్రశ్న: యాగీ యాంటెన్నా (వరుసగా గొట్టాలు బిగించిన, ఒక దిక్కుకు గురిపెట్టే యాంటెన్నా) గొట్టాలకు కూడా రంగు వేయవచ్చా? సిగ్నల్ తగ్గుతుందా? — ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: టవర్‌కు వేసే రంగు సిగ్నల్‌ను ఏమీ చేయదు. అల్యూమినియం గొట్టాలకు రంగు అవసరమూ లేదు, వాటి మీద సహజంగానే రక్షణ పొర ఏర్పడుతుంది. ఒకదానిలోకి ఒకటి దూరే గొట్టాల అతుకుల దగ్గర మాత్రం ఆ పొరే విద్యుత్తును అడ్డుకుంటుంది. అక్కడ ఎమెరీతో రుద్ది, అల్యూమినియం అతుకుల కోసం అమ్మే వాహక పేస్టు పలుచగా రాసి, స్టెయిన్‌లెస్ స్టీలు క్లిప్పుతో బిగించాలి. జింక్ రిచ్ ప్రైమర్, సిల్వర్ రంగు వంటి లోహపు పొడి ఉన్న రంగులు ఇన్సులేటర్ల మీద ఒక్క చుక్క కూడా పడకుండా ముందుగా గుడ్డ చుట్టించండి. రాగి తీగను అల్యూమినియానికి గానీ జింకు మీద గానీ నేరుగా బిగించకండి. మధ్యలో స్టెయిన్‌లెస్ వాషరు వేసి, అతుకును సెల్ఫ్ అమాల్గమేటింగ్ (తనలో తానే అతుక్కుపోయే) టేపుతో చుట్టండి. రాగి మీదుగా కారిన నీరు జింకు మీద పడినా తుప్పు పుడుతుంది కాబట్టి, రాగి ఎప్పుడూ కిందివైపు ఉండేలా చూసుకోండి.

ప్రశ్న: మా పెయింటరు బెల్టు లేకుండానే ఎక్కుతానంటున్నాడు. టవర్ పాతది, కొన్ని అడ్డకమ్మీలు తుప్పు పట్టాయి. ఏం చేయమంటారు? — ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఎక్కనివ్వకండి. తుప్పు పట్టిన అడ్డకమ్మీకి బెల్టు కొక్కెం తగిలిస్తే అది బెల్టు ఉన్నట్టు కాదు. ముందు కింది నుంచి బైనాక్యులర్స్‌తో ప్రతి కమ్మీని చూసి, పాడైనవాటి జాబితా రాయండి. అవి రెండు మూడుకు మించితే టవర్‌ను క్రేనుతో దింపించి, నేలమీద పెట్టి పనిచేయించడమే క్షేమం. గోకడం, కడగడం, రంగు అన్నీ నేలమీద బాగా కుదురుతాయి, కూలి కూడా తగ్గుతుంది. ఎక్కడం తప్పనిసరైతే, ఒళ్లంతా పట్టే హార్నెస్, రెండు తాళ్లు ఉండాలి. పైకి కదిలేటప్పుడు ఎప్పుడూ ఒక తాడు తగిలించే ఉండాలి. రంగు డబ్బాలు చేత్తో మోయకుండా తాడుతో లాగుకోవాలి. కిందనున్న మనిషి తలకు హెల్మెట్ పెట్టుకొని, పనిచేసేవారి కిందనుంచి పక్కకు నిలబడాలి. పక్కనే కరెంటు తీగలు ఉంటే లైన్‌మన్‌తో మాట్లాడి సరఫరా ఆపించాకే పని మొదలుపెట్టాలి. ట్రాన్స్‌మిటర్ నుంచి కేబులు ఊడదీసి, రేడియో గది తాళం పైకెక్కినవారి జేబులోనే ఉంచండి.